హోనలులూలో దిగగానే మెడలో పూలదండ వేస్తారా? లేయ్ గురించి నాకు తెలిసినంత

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఏప్రిల్ ఆఖర్లో అమ్మగారు, అత్తగారు, ఐదో నెల నడుస్తున్న చెల్లెలితో కలిసి హోనలులూ వస్తున్నారు. హవాయిలో విమానం దిగిన ప్రతివాళ్ల మెడలో పూలదండ వేస్తారని విన్నారు. అది నిజమేనా, డబ్బు కట్టాలా, వేశాక ఎంతసేపు ఉంచుకోవాలి, మామగారు పోయినప్పటి నుంచి పూలు ముట్టని అత్తగారి సంగతి ఏమిటి అని అడిగారు.

సూటిగా చెప్తాను: అందరికీ వేయరు. మీ కోసం ఎవరైనా దండ పట్టుకుని వస్తేనే వేస్తారు. వచ్చేది బంధువులు కావచ్చు, మీరు ముందే డబ్బు కట్టి మాట్లాడుకున్న మనిషి కావచ్చు, టూర్ ప్యాకేజీ వాళ్లు కావచ్చు. ఇవేవీ లేకపోతే మామూలు ఎయిర్‌పోర్టులాగే సామాను తీసుకుని బయటికి వచ్చేస్తారు. రెండో మాట ఇంకా ముఖ్యం. ఒకసారి మెడలో పడ్డాక, వేసినవాళ్ల ఎదుట దాన్ని తీయకండి. మనవాళ్లకి ఎందుకు ఇంత గట్టిగా చెప్పాల్సి వస్తుందో కింద రాస్తాను.

నేను కడియపులంక మనిషిని. తెల్లవారకముందే పూల మార్కెట్‌కి వెళ్లే గంపల మధ్య పెరిగాను. పెళ్లయి హోనలులూ వచ్చి 22 ఏళ్లయింది. అందులో 9 ఏళ్లు ఒక లేయ్ కొట్లో కూర్చుని దండలు గుచ్చాను. తర్వాత ఎయిర్‌పోర్టులో స్వాగతాలకి నిలబడ్డాను, ఇప్పటికీ పిలిస్తే వెళ్తున్నాను. ఇక్కడ దండని 'లేయ్' అంటారు. పూలతోనే ఉండాలని లేదు. ఆకులు, గింజలు, గవ్వలు, పిట్టల ఈకలు దేనితో చేసినా అది లేయే.

అందరికీ వేస్తారన్న మాట ఓడల కాలం నుంచి వచ్చింది. 1926లో హోనలులూ రేవులో అలోహా టవర్ కట్టారు. అమెరికా నుంచి ఓడ వచ్చిందంటే ఊరికి అదో పండగ. దాన్ని 'బోట్ డే' అనేవాళ్లు. రేవులో బ్యాండు మేళం, హులా నాట్యం, చేతుల నిండా దండలతో వరసగా నిలబడ్డ హవాయి ఆడవాళ్లు. ఆ పూలే వాళ్ల జీవనాధారం. ఓడ తిరిగి వెళ్లేటప్పుడు ప్రయాణికులు డైమండ్ హెడ్ కొండ దగ్గర తమ దండని సముద్రంలో వేసేవాళ్లు. అది ఒడ్డుకి కొట్టుకొస్తే మనం మళ్లీ ఈ దీవికి వస్తామని నమ్మకం. (ఇప్పుడు అలా చేయకండి. దారం తాబేళ్ల నోట్లో, మెడలో చిక్కుకుంటుంది. అంతగా కావాలనుకుంటే దారం లాగేసి పూలు మాత్రం వదలండి.) విమానాలు వచ్చాక అదే ఆచారం ఎయిర్‌పోర్టుకి మారింది. 2001 తర్వాత భద్రతా నియమాలు మారి, టికెట్ లేనివాళ్లని గేటు దాకా రానివ్వడం లేదు. అందుకే ఇప్పుడు స్వాగతాలన్నీ సామాను బెల్టు దగ్గరే.

డబ్బు సంగతి. ముందుగా బుక్ చేసుకుంటే మీరిచ్చేదంతా దండ ఖరీదు కాదు. మనిషి రావడానికి, పార్కింగుకి, విమానం ఆలస్యమైతే కాచుకోవడానికి కూడా అందులో లెక్క ఉంటుంది. అది న్యాయమే. కానీ ఏ పువ్వు వేస్తారో ముందే అడగండి. 'తాజా పూలదండ' అని మాత్రమే రాసుంటే చాలామటుకు ఊదారంగు ఆర్కిడ్ దండ వస్తుంది. అవి ఎక్కువగా థాయిలాండ్ నుంచి దిగుమతి అయ్యేవి. గట్టిగా ఉంటాయి, రోజుల తరబడి నిలుస్తాయి, వాసన మాత్రం ఉండదు. ఒకసారి నేనే ఒక టూర్ సంస్థ తరఫున వెళ్తే చేతికి గుడ్డపూల దండలు ఇచ్చారు. 60 ఏళ్ల పెళ్లిరోజు చేసుకోవడానికి వచ్చిన ముసలి దంపతులు వాటిని ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకోవడం నా కళ్లతో చూశాను. ఆ పనికి మళ్లీ వెళ్లలేదు.

నన్నడిగితే మీరే కొని మీవాళ్ల మెడలో వేయండి. ఎయిర్‌పోర్టులోనే కింద రోడ్డు పక్కన లేయ్ కొట్లు వరసగా ఉంటాయి. కొన్ని కుటుంబాలు తరతరాలుగా నడుపుతున్నవి. మీలో ఒకరు సామాను దగ్గర ఉంటే ఇంకొకరు వెళ్లి తెచ్చేయొచ్చు. మర్నాడైనా పర్వాలేదంటే చైనాటౌన్‌లో మౌనాకెయా వీధికి వెళ్లండి. అక్కడ కొట్టు ముందే కూర్చుని గుచ్చుతూ కనిపిస్తారు. లేయ్ విలువ ఒకరి చేతి నుంచి ఇంకొకరి మెడలోకి వెళ్లడంలో ఉంది. డబ్బు తీసుకుని వేసే నాకన్నా కూతురు వేస్తే అమ్మకి ఆనందం. ఇది స్వాగతాల పని చేసి బతికినదాన్నే చెబుతున్నాను.

ఇప్పుడు తీయకూడదన్న మాటకి వస్తాను. మన సభల్లో దండ వేసిన మరుక్షణం తీసి బల్ల మీద పెడతాం. ఉంచుకుంటే గర్వం అనుకుంటారని, తీయడమే వినయమని మనకి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇక్కడ దానికి పూర్తిగా వ్యతిరేకం. దండలో ఇచ్చినవాళ్ల ప్రేమ ఉంటుందని, తీసేస్తే ఆ ప్రేమని తోసేసినట్టని హవాయి వాళ్లు అనుకుంటారు.

చాలా ఏళ్ల కిందట ఒక తెలుగు కుటుంబం వచ్చింది. మా కొట్టు ఆంటీ (ఇక్కడ కూడా పెద్దావిడ ఎవరైనా ఆంటీయే, పెద్దాయన అంకులే) నాతో పాటు ఎయిర్‌పోర్టుకి వచ్చింది. వచ్చేది తెలుగువాళ్లు అని నేను ముచ్చటపడితే, ముందురోజు రాత్రి ట్యూబ్‌రోజ్, అంటే మన లిల్లీ పూలు, తన చేత్తోనే గుచ్చింది. ఆరుగురికీ వేసింది. ఇంటిపెద్ద రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టి, దండ తీసి, మడిచి, సామాను బండి మీద సూట్‌కేసుల పైన పెట్టారు. ఆయన్ని చూసి మిగతా ఐదుగురూ అంతే చేశారు. ఆరు దండలూ బండి మీద కుప్పగా. ఆంటీ ఏమీ అనలేదు. నవ్వు మొహాన అలాగే ఉంది కానీ కళ్లు ఆ కుప్ప మీదే ఉన్నాయి. నేను గబగబా ఆయనకి తెలుగులో విషయం చెప్పాను. పాపం ఆయనకి తెలీదు. వెంటనే దండ తీసుకుని ఆంటీ చేతికే ఇచ్చి, తల వంచి మళ్లీ వేయించుకున్నారు. ఆంటీ ఆయన్ని కావలించుకుంది. ఆ తర్వాత నుంచి తెలుగువాళ్లు ఎవరొచ్చినా దండ వేసే ముందే ఈ మాట చెవిన వేస్తున్నాను.

కనీసం హోటల్ చేరేదాకా ఉంచుకోండి. భోజనానికి వెళ్లినా ఉంచుకోవచ్చు, ఎవరూ వింతగా చూడరు. ఇంకో చిన్న సంగతి: మన దండలాగా మొత్తం ముందుకి వేలాడదీయరు. భుజాల మీద ఆనించి ముందు ఎంత జారితే వెనక కూడా అంతే జారేలా వేసుకుంటారు. మీకు వేసినదాన్ని తీసి పక్కవాళ్ల మెడలో వేయడం కూడా ఇచ్చినవాళ్లకి కష్టంగా ఉంటుంది. పూల వాసన పడకపోతే, తుమ్ములొస్తే, ఆ మాట చెప్పి చేతిలోకి తీసుకోండి. వద్దని మాత్రం అనకండి.

మీ చెల్లెలికి రెండు కొసలూ ముడివేయని దండ అడగండి. ఇక్కడి నమ్మకం ప్రకారం గర్భిణి మెడలో గుండ్రంగా ముడిపడిన దండ వేయకూడదు. కడుపులో బిడ్డకి బొడ్డుతాడు మెడకి చుట్టుకుంటుందని అంటారు. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. కానీ తెలిసినవాళ్లెవరూ వేయరు, కొట్టువాళ్లు కూడా వేయనివ్వరు. తెరిచి ఉండే దండల్లో పేరున్నది మైలె. అది పూలది కాదు, అడవి తీగ. తీగ లోపలి కాడని లాగేసి, ఆకులున్న పైబెరడుని మెలిపెట్టి చేస్తారు. భుజాల మీద కండువాలా వేలాడుతుంది. పచ్చి వాసన, కొంచెం తీపి కలిసినట్టుంటుంది. పెళ్లికొడుక్కి, పట్టా పుచ్చుకునే పిల్లలకి ఇదే వేస్తారు. కొత్త భవనాల ప్రారంభోత్సవాల్లో రిబ్బన్ బదులు మైలె కడతారు, దాన్ని కత్తిరించరు, ముడి విప్పుతారు. ఖరీదు ఎక్కువ. కాదనుకుంటే టీ ఆకు దండ బాగుంటుంది. (తేయాకు కాదు. ఇది వెడల్పాటి పొడుగాకు, ఇళ్ల చుట్టూ రక్షణ కోసం నాటుతారు.)

అత్తగారి విషయం. ఇది నా ఇంట్లోనే జరిగింది కాబట్టి చెప్పగలను. నాన్న పోయిన రెండేళ్లకి అమ్మని ఇక్కడికి తెచ్చుకున్నాను. అమ్మ అంతకుముందు జీవితమంతా పూలు కట్టింది. రెండు పూలు ఇటు, రెండు పూలు అటు పెట్టి అరటినారతో ముడి వేస్తుంటే వేళ్లు కనపడేవి కావు. నాన్న పోయాక ఊళ్లో ఎవరూ ఆమె చేతికి పూలు ఇవ్వడం మానేశారు. ఎయిర్‌పోర్టులో ఆంటీ దండ ఎత్తగానే అమ్మ రెండడుగులు వెనక్కి వేసి, చీర కొంగు తల మీదికి లాక్కుంది. నేను ఆంటీకి ఇంగ్లీషులో కారణం చెప్పాను. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, ఆ పూలదండ నా చేతికిచ్చి, వెళ్లి కొట్లోంచి టీ ఆకు దండ తెచ్చింది. 'ఇందులో పూలు లేవు, ఆకులే. దారిలో నిన్ను కాపాడుతుంది' అని చెప్పమంది. అమ్మ తల వంచింది. ఇక్కడ భర్త పోయినావిడకి దండ వేయకూడదన్న పట్టింపు ఏమీ లేదు. ఇంకా ప్రేమగా వేస్తారు కూడా.

మీ అత్తగారి మనసు మీకు తెలుసు. పూలు ఇష్టపడరనిపిస్తే ముందే ఆకుల దండ గానీ, కుకుయి గింజల దండ గానీ చెప్పండి. కుకుయి మన కుంకుడు గింజలా నల్లగా నిగనిగలాడుతుంది, దానికన్నా బాగా పెద్దది. ఆవిడ ఇంటికి కూడా పట్టుకెళ్లొచ్చు. వేసేముందు ఆవిడని ఒక మాట అడగండి, అందరి ముందూ కాదు, విమానం ఎక్కకముందే.

ఇక పూల ఎంపిక. మనవాళ్లకి నేను ఎప్పుడూ చెప్పేది పికాకె. అదేమిటనుకున్నారు? మన మల్లెపువ్వే. హవాయి యువరాణి కయులానీకి (1875–1899) మల్లెలన్నా నెమళ్లన్నా ప్రాణం. హోనలులూలోనే సముద్రతీరాన ఉన్న వైకీకీలోని వాళ్ల తోటలో రెండూ ఉండేవి. నెమలికి హవాయి భాషలో పికాకె అని పేరు, అదే మల్లెకీ వచ్చింది. నేను కొట్లో చేరిన మొదటి వారం ఒక డబ్బా మూత తీశాను. తడి కాగితం మీద మల్లెమొగ్గలు, మా ఇంటి వాసన. మూత పెట్టలేక అలాగే నిలబడిపోయాను. మనం మల్లెల్ని నారతో కడతాం, వీళ్లు మొగ్గ పొడవునా సూది దూర్చి ముత్యాల సరంలా గుచ్చుతారు. ఒక్క సరం సన్నగా ఉంటుంది కాబట్టి రెండు మూడు సరాలు కలిపి వేస్తారు. పెళ్లికూతుళ్లకి ఇంకా ఎక్కువ. మీ అమ్మగారికి రెండు సరాల పికాకె వేసి చూడండి.

మనకి ఆశ్చర్యం కలిగించే పూలు ఇంకో రెండున్నాయి. జిల్లేడు పూల దండ ఇక్కడ రాణిగారి దండ. హవాయి ఆఖరి రాణి లిలియుఒకలానీకి ఆ పువ్వంటే ఇష్టం. మనం హనుమంతుడికి, వినాయకుడికి వేసే జిల్లేడు ఇక్కడ గౌరవంగా మెడలో వేస్తుంటే మొదట్లో నాకు చేతులు ఆడలేదు. రెండోది మొగలి. మొగలిపువ్వు శివపూజకి పనికిరాదని మనకి కథ ఉంది కదా, ఇక్కడ మొగలి పండు ముక్కలతో గుచ్చే దండకి కూడా ఒక పట్టింపు ఉంది. దాన్ని హాలా అంటారు. ఆ మాటకి దాటిపోవడం, తప్పిపోవడం అని కూడా అర్థం. అందుకని కొత్త పని మొదలుపెట్టేవాళ్లకి వేయరు. పాత ఏడాదిని సాగనంపేటప్పుడు, ఒక కష్టం గడిచిపోయాక వేస్తారు. ఎర్రగా అందంగా ఉందని చూసి కొనేయకండి, ఎవరికోసమో చెప్పి అడగండి.

ఫోటోల్లో ఎక్కువగా కనపడేది దేవగన్నేరు, ఇక్కడ ప్లుమేరియా అంటారు. ఇది హవాయి సొంత పువ్వు కాదు, 1860లో ఒక జర్మన్ వైద్యుడు తెచ్చి నాటాడు. శ్మశానాల్లో ఎక్కువగా పెంచేవాళ్లు కాబట్టి పాతకాలం వాళ్లు కొందరు మెడలో వేసుకునేవాళ్లు కాదు. మనకి గుడి దగ్గరి చెట్టు, వాళ్లకి సమాధుల చెట్టు. ఇప్పుడు ఆ పట్టింపు దాదాపు పోయింది. గుచ్చడం తేలికే: పొద్దున్నే కోసి, తొడిమ దగ్గర కారే పాలు ఆరనిచ్చి, జానెడుకన్నా పొడుగున్న సన్నటి సూదిని పువ్వు నడిమధ్య నుంచి కింద గొట్టంలోకి దించాలి. ఒక పువ్వు నోట్లో ఇంకో పువ్వు కాడ కూర్చుంటుంది. 50 పూలు పడితే 40 అంగుళాల దండ. గోరు తగిలితే చాలు, రేకు మీద గోధుమరంగు గీత పడిపోతుంది. మధ్యాహ్నం ఎండలో తిరిగితే సాయంత్రానికి వాడిపోతుంది. హోనలులూ ఉన్న ఒవాహు దీవి సొంత పువ్వు ఇలిమా ఇంకా సుకుమారం. కాగితంలా పల్చటి పసుపు రేకులు, ఒక్క సరానికి 500 పైనే పూలు కావాలి, ఆయుష్షు ఒక్కరోజు. ఒకప్పుడు రాజకుటుంబాల దండ. ఎక్కడైనా కనబడితే ఆగి చూడండి.

మీరు హవాయి దీవుల్లో అన్నిటికన్నా పెద్దదైన బిగ్ ఐలాండ్ కూడా వెళ్తే ఒక మాట. అక్కడి ఎర్రటి లెహువా పువ్వు ఓహియా చెట్టుది. 2014లో గుర్తించిన ఒక బూజు తెగులు ఆ చెట్లని లక్షల్లో చంపేసింది. ఓహియా పూలు, ఆకులు, కొమ్మలు ఆ దీవి దాటించడానికి ఆంక్షలున్నాయి. కోయకండి, కొని వేరే దీవికి తేకండి.

ఇండియా నుంచి అమ్మగారు మల్లెమాల కట్టుకుని తెచ్చే ఆలోచన ఉంటే వద్దని చెప్పండి. తాజా పూలు, మొక్కలు అమెరికాలో దిగగానే కస్టమ్స్ వాళ్లకి చెప్పి చూపించాలి, చాలామటుకు తీసేసుకుంటారు. ఇక్కడి నుంచి అమెరికా ప్రధాన భూభాగానికి వెళ్లేటప్పుడు వ్యవసాయశాఖ తనిఖీ ఉంటుంది. చాలా దండలు దాటనిస్తారు. నిమ్మజాతి పూలూ ఆకులూ, కవాయి దీవి మోకిహానా కాయలు (అవీ నిమ్మ కుటుంబమే), జేడ్ తీగ పూలు, మౌనాలోవా పూలు ఉన్న దండల్ని ఆపేస్తారు. ఇండియా దాకా పట్టుకెళ్లాలంటే కుకుయి, గవ్వలే మంచిది.

హోటల్లో ఆర్కిడ్, లిల్లీ దండల్ని తడి కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులుంటాయి. వాడిపోయాక చెత్తబుట్టలో వేయకండి. మనం నిర్మాల్యాన్ని తొక్కనిచోట వేస్తాం కదా, అలాగే. దారం తీసేసి పూలు చెట్టు మొదట్లో చల్లండి, లేదా దండని కొమ్మకి వేలాడదీయండి. హోటల్ తోటలో చెట్ల మీద ఎండిన దండలు కనపడితే అవి ఎవరో పారేసినవి కావు.

మీ తేదీలు చూస్తే మే 1 ఇక్కడే గడుస్తుంది. అది లేయ్ డే. 1928 నుంచి జరుగుతోంది. వైకీకీలో కపియొలాని పార్కుకి పొద్దున్నే వెళ్లండి, దీవి దీవికీ దాని సొంత పువ్వుతో దండలల్లి పోటీకి పెడతారు. మర్నాడు ఆ దండల్ని తీసుకెళ్లి రాజకుటుంబీకుల సమాధుల మీద వేస్తారు. ఫోటోకి దండ వేయడం చూసి మనకి కలిగే భయం ఇక్కడ లేదు. బతికున్నవాళ్లకీ పోయినవాళ్లకీ అదే దండ, అదే ప్రేమ. మే నెల బడి పట్టాల కాలం కూడా, పిల్లలకి చెవుల దాకా దండలు పడతాయి. పూలకి గిరాకీ, ధరలూ పెరుగుతాయి. పికాకె కావాలంటే ఒకరోజు ముందు కొట్టుకి ఫోన్ చేసి చెప్పిపెట్టుకోండి. చెల్లెలి గురించి 'ఓపెన్ లేయ్' అంటే చాలు, ఎందుకని ఎవరూ అడగరు. విమానం రాత్రి దిగేదైతే కొట్టు ఎన్నింటిదాకా ఉంటుందో కూడా ఆ ఫోన్‌లోనే కనుక్కోండి.